డిగ్రీలో మార్కులు తక్కువొచ్చినా పీజీ సీటు: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

"ఏటి బాబూ, యీ మార్కులకి పీజీలో సీటిస్తారేటి?" డిగ్రీ ఫలితాలు వచ్చాక మన వైపు ఇళ్లలో పెద్దవాళ్లు అడిగే మాట ఇది. చాలాచోట్ల ఇస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు. ఎక్కడ ఇస్తారో ముందే తేల్చుకోకుండా కనబడిన ప్రతి నోటిఫికేషన్‌కూ ఫీజు కట్టి, ఆఖరికి కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసే బల్ల దగ్గర వెనక్కి తిరిగొచ్చే పిల్లల్ని చూస్తుంటాం. ఈ వ్యాసం ఆ తిప్పలు తప్పించడానికి.

ముందుగా ఒక సంగతి అర్థం చేసుకోవాలి. డిగ్రీ మార్కుల్ని అన్ని కోర్సులూ ఒకేలా వాడవు. కొన్నిటికి అవి గేటు. గీసిన గీత దాటితే చాలు, లోపలికొచ్చాక 51 శాతం వాడికీ 85 శాతం వాడికీ తేడా లేదు, ర్యాంకు ఎంట్రన్సు మార్కులతోనే. మరికొన్నిటికి అవి తక్కెడ. ఎంట్రన్సు బాగా రాసినా పాత మార్కుల్ని కూడా వేసి తూస్తారు. మార్కులు తక్కువున్నవాళ్లు గేటు కోర్సుల వైపు నడవాలి. తక్కెడ కోర్సులకు వెళ్లాలంటే రెండో పళ్లెంలో వేయడానికి ఏదో ఒకటి సంపాదించుకుని వెళ్లాలి.

మొదటి అడుగు: మీ శాతం అసలెంత?

ఇది తెలిసిందే అనుకుంటారు. చాలామందికి తెలియదు. మెమో మీద సీజీపీఏ ఉంటుంది, నోటిఫికేషన్‌లో శాతం అడుగుతారు. 6.25 సీజీపీఏని పదితో గుణిస్తే 62.5 వస్తుంది. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) పట్టిక ప్రకారం అదే 6.25 అంటే 55 శాతం. అంటే ఒక లెక్కలో ఫస్ట్ క్లాసు, ఇంకో లెక్కలో కాదు. ఏ లెక్క చెల్లుతుందో మీరూ నేనూ నిర్ణయించేది కాదు. మీకు డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీ, మీ బ్యాచ్ రెగ్యులేషన్‌లో రాసిన సూత్రమే చెల్లుతుంది. మెమో వెనకవైపు చూడండి. అక్కడ లేకపోతే పరీక్షల విభాగంలో కన్వర్షన్ సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టండి.

ఏ పరీక్షల విభాగం అన్నది కూడా చూసుకోవాలి. శ్రీకాకుళం పిల్లలు చాలామందికి ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ యూనివర్సిటీ. మెమో మీద ఆంధ్రా యూనివర్సిటీ పేరుంటే విశాఖ వెళ్లాలి. బీటెక్ వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ 2022లో ఏర్పడింది. అంతకుముందు చేరిన బ్యాచ్‌లకు కాకినాడ జేఎన్‌టీయూ పేరు మీద కాగితాలు ఉండొచ్చు. బస్సెక్కే ముందు మెమో పైన ఏ పేరుందో చూసుకుంటే ఒక రోజు మిగులుతుంది.

లెక్క తేలాక మూడు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి: మొత్తం శాతం, పీజీ చేయాలనుకున్న సబ్జెక్టులో శాతం, చివరి రెండు సెమిస్టర్ల శాతం. మొదటిది గేటుకి. మిగతా రెండూ ఇంటర్వ్యూలో పనికొస్తాయి, వాటి సంగతి తర్వాత. 49.8ని 50 కింద లెక్కేసుకోవద్దు. నోటిఫికేషన్‌లో స్పష్టంగా రాస్తే తప్ప పై అంకెకు సర్దరు.

బ్యాక్‌లాగులు ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి సప్లిమెంటరీ ఫీజు కట్టండి. గీతకు ఒకటి రెండు శాతం కింద ఉన్నవాళ్లు, మీ యూనివర్సిటీలో బెటర్‌మెంట్ (పాసైన పేపరే మార్కుల కోసం మళ్లీ రాయడం) రాయనిస్తారా, ఎన్నేళ్లలోపు రాయాలి అన్నది అడగండి. రాయనిస్తే, ఎక్కువ క్రెడిట్లున్న పేపర్లే ఎంచుకోండి. సగటు కదిలేది అక్కడే.

రెండో అడుగు: ఎక్కడ గేటు, ఎక్కడ తక్కెడ

రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎంఏ, ఎంకాం, ఎంఎస్సీ సీట్లకు 2021 నుంచి ఏపీ పీజీసెట్ ఉంది. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు మార్కు కోయరు. కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. ఎచ్చెర్లలో చదవాలన్నా, విశాఖలో చదవాలన్నా దారి ఇదే. అర్హత గీత దాటాక ర్యాంకే మాట్లాడుతుంది. ఇంటి దగ్గర్నుంచే చదవాలనుకునేవాళ్లకు, తక్కువ మార్కులవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ పరీక్షే.

ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్. డిగ్రీలో 50 శాతం ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 45. పరీక్ష 200 మార్కులకు. అందులో 25 శాతం వస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు కూడా లేదు. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి, తెలుగు మీడియం పిల్లలకు ఇది కలిసొచ్చే విషయం. ఎంసీఏకి మాత్రం మ్యాథ్స్ షరతు ఏమిటో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దాకా వెళ్లక్కర్లేదు, విజయనగరంలోనే 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. పేరు చూసి గిరిజనులకే అనుకుని దరఖాస్తు చేయనివాళ్లున్నారు. అన్ని వర్గాలవాళ్లూ చేరవచ్చు. సీయూఈటీలో 75 ప్రశ్నలు, సరైన జవాబుకు 4, తప్పుకు ఒకటి కోత. పీజీసెట్‌లో లాగా గుడ్డిగా అన్నీ దిద్దితే ఇక్కడ దెబ్బ తింటారు. పైగా సబ్జెక్టు పేపర్లు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లు సబ్జెక్టు మాటల్ని ఇంగ్లీషులో పట్టుకోవడానికి కనీసం రెండు నెలలు అదనంగా పెట్టుకోవాలి.

బీటెక్ వాళ్ల లెక్క వేరు. గేట్ (పైన చెప్పిన గేటు కాదు, ఎంటెక్ కోసం రాసే జాతీయ పరీక్ష) రాయడానికి కనీస మార్కుల షరతు లేదు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అయితే ఆ స్కోరుతో ఎన్ఐటీల్లో ఎంటెక్‌కి వెళ్లాలంటే జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 60 శాతం లేదా 6.5 సీజీపీఏ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 55 శాతం లేదా 6.0 కావాలి. గేట్ ర్యాంకు ఎంత బాగున్నా 58 శాతం జనరల్ అభ్యర్థికి ఆ గేటు తెరుచుకోదు. అలాంటివాళ్లు రాష్ట్ర కాలేజీల్లో గేట్ స్కోరుతోనో, 120 మార్కుల పీజీఈసెట్‌తోనో ఎంటెక్ చేయవచ్చు. గేట్ ఉన్నవాళ్లకు అక్కడ ముందు పిలుపు. గేట్‌తో ఏఐసీటీఈ గుర్తింపున్న పూర్తికాల ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంది. ఇంటి మీద భారం కాకూడదనుకునే పిల్లలకు అది చిన్న మొత్తం కాదు.

బీఎస్సీ వాళ్లకు ఐఐటీలు పెట్టే జామ్ ఉంది. జామ్‌తో ఎన్ఐటీల్లో ఎంఎస్సీ కావాలంటే మళ్లీ అదే 60, 55 గీత. ఐఐటీల్లో ఏ విభాగం ఏ షరతు పెట్టిందో ఆ ఏడాది బ్రోచర్లో సబ్జెక్టువారీగా ఉంటుంది. అది చదవకుండా ఆప్షన్లు పెట్టకండి.

ఇక తక్కెడ. క్యాట్ (ఐఐఎంల ఎంబీఏ ఎంట్రన్సు) రాయడానికి 50 శాతం చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. కానీ ఐఐఎంలు ఇంటర్వ్యూకి పిలిచేటప్పుడు టెన్త్, ఇంటర్, డిగ్రీ మార్కులకు కూడా వెయిటేజీ వేస్తాయి. పక్కనే విశాఖలో ఐఐఎం ఉంది కదా అని తొందరపడకుండా, ఏ సంస్థ పాత మార్కులకు ఎంత బరువిస్తుందో వాళ్ల అడ్మిషన్ పాలసీలో చూసుకుని దరఖాస్తు చేయండి.

మూడో అడుగు: కాగితాలు

గీతకు మూడు శాతం కింద ఉన్నవాడిని ఒక కాగితం లోపలికి తెస్తుంది, అది లేకపోతే ఉన్న హక్కు కూడా పోతుంది. రాష్ట్ర పరీక్షలకు బీసీ సర్టిఫికెట్ సరిపోతుంది. సీయూఈటీ, గేట్, జామ్‌లకు కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ తాజాది. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. మన జిల్లాల్లో ఈ తేడా వల్ల నష్టపోయే కులాలున్నాయి. మీ కులం పేరు కేంద్ర జాబితాలో ఏ స్పెల్లింగుతో ఉందో చూసి, అదే స్పెల్లింగుతో సచివాలయంలో అర్జీ పెట్టండి. ఈడబ్ల్యూఎస్ కూడా ఏటా కొత్తగా తీయించాల్సిందే. తహసీల్దారు సంతకం పడేసరికి రోజులు పడతాయి, దరఖాస్తు చివరి తేదీ చూసుకుని పరుగెత్తితే లాభం లేదు.

ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోండి. రాష్ట్ర సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే, ఆ లోకల్ అని తేల్చేవి ఇవే. మూతపడిన ప్రైవేటు స్కూల్లో చదివుంటే మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో ఇప్పుడే అడగండి.

నాలుగో అడుగు: ఎంట్రన్సుకు చదవడం

డిగ్రీలో మార్కులు తగ్గాయంటే, కారణం ఏదైనా, పునాదిలో ఎక్కడో ఖాళీలున్నాయి. వాటిని కోచింగ్ మెటీరియల్ పూడ్చదు. వరస ఇలా పెట్టుకోండి. మొదట పాత ప్రశ్నపత్రం ఒకటి టైం పెట్టుకుని రాయండి. ఎంత వచ్చిందన్నది పక్కన పెట్టి, తప్పుపోయిన ప్రశ్నలు ఏ సెమిస్టర్ పాఠాలవో గుర్తు పెట్టండి. మన పిల్లలవి ఎక్కువగా మొదటి, రెండో ఏడాది పాఠాలే బయటపడతాయి: కెమిస్ట్రీలో రియాక్షన్ మెకానిజమ్, మ్యాథ్స్‌లో రియల్ అనాలిసిస్, ఎకనామిక్స్‌లో గ్రాఫులు. ముందు అవే చదవండి. ఆ తర్వాతే సిలబస్ వరసలో వెళ్లండి.

సబ్జెక్టులో పట్టు ఉందని చూపించే కొత్త మార్కు కావాలంటే ఆన్‌లైన్ పాఠాల ఎన్‌పీటెల్ ఉంది. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి సెంటర్లో పరీక్ష రాయాలి. డిగ్రీలో 45 వచ్చిన సబ్జెక్టునే ఎంచుకుని అందులో మంచి స్కోరు తెస్తే, మీ గురించి పాత మెమో చెప్పిన మాటకు అది జవాబు. అయిదారు సర్టిఫికెట్లు పోగేయడం దండగ. సరైన సబ్జెక్టులో ఒకటి ఉంటే చాలు.

అయిదో అడుగు: గీతకు కిందే ఉండిపోతే

45 కూడా రాలేదు, బెటర్‌మెంట్ గడువు దాటిపోయింది. అప్పుడు ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం). అందులో చాలా ఎంఏ కోర్సులకు డిగ్రీ పాసైతే చాలు, శాతం అడగరు. అడ్మిషన్లు ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై సెషన్లకు. రీజినల్ సెంటర్ విశాఖలో ఉంది. దూరవిద్య కదా అని చిన్నచూపు చూడకండి, యూజీసీ గుర్తింపున్న డిగ్రీ. అసైన్‌మెంట్లు మాత్రం సొంతంగా రాయండి. జిరాక్సు షాపుల్లో అమ్మే రెడీమేడ్ అసైన్‌మెంట్లు కొన్నవాళ్లు పరీక్షలో ఏం రాయాలో తెలియక రెండేళ్ల కోర్సును నాలుగేళ్లు లాగుతారు.

కెమిస్ట్రీ పిల్లలకు ఇంకో దారి ఉంది. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో బీఎస్సీ వాళ్లను తీసుకుంటారు. రెండేళ్లు హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏమేం ఎంతుందో తేల్చే యంత్రం) మీద పనిచేసినవాడు ఎంఎస్సీ ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరు. షిఫ్టు డ్యూటీలతో ఎంట్రన్సు చదవడం కష్టమే. కానీ ఇంట్లో డబ్బు అవసరం ఉంటే ఇది ఖాళీ ఏడాది కింద లెక్కకు రాదు.

ఆరో అడుగు: తక్కువ మార్కుల గురించి ఏం చెప్పాలి

ఇంటర్వ్యూ ఉన్న కోర్సులకు, విదేశీ యూనివర్సిటీలకు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాసిచ్చే పేజీ) అడిగే ప్రతిచోటా ఈ ప్రశ్న తప్పదు. ఇక్కడే మన పిల్లలు ఎక్కువగా తడబడతారు. ఒకరు అసలు ఆ ఊసే ఎత్తరు, ఇంకొకరు పేజీ నిండా కష్టాలు రాస్తారు.

ఉద్దానంలో ఒక కుర్రాడు అనుకుందాం. వాళ్ల నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్‌కు తీసుకెళ్లేది ఈ కుర్రాడే. అతను ఇలా రాశాడనుకోండి:

"చిన్నప్పటి నుంచి రసాయన శాస్త్రమంటే నాకు ప్రాణం. కొన్ని వ్యక్తిగత సమస్యల వల్ల ఆశించిన మార్కులు సాధించలేకపోయాను. అవకాశం ఇస్తే కష్టపడి చదువుతానని హామీ ఇస్తున్నాను."

చదివినవాడికి ఇందులో ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. ఇప్పుడిది చూడండి:

"రెండో ఏడాది నా సగటు 48 శాతం. ఆ ఏడాది మా నాన్నకు డయాలసిస్ మొదలైంది. కంచిలి దగ్గర మా ఊరి నుంచి వారానికి మూడు రోజులు నేనే తీసుకెళ్లాను. ఆ రోజుల్లో ల్యాబులన్నీ పోయాయి. మూడో ఏడాది అన్నయ్య ఇంటికి తిరిగొచ్చాడు, నా సగటు 67కి చేరింది. తప్పిన ఆర్గానిక్ పేపరు మళ్లీ రాసి 71 తెచ్చుకున్నాను."

జాలి కోరే మాట ఒక్కటీ లేదు. ఎప్పుడు పడిపోయింది, ఎందుకు, ఎప్పుడు లేచింది, లేచినట్టు రుజువేమిటి, ఈ నాలుగే ఉన్నాయి. మొదటి అడుగులో రాసుకోమన్న చివరి రెండు సెమిస్టర్ల శాతం పనికొచ్చేది ఇక్కడ. ఇంతకు మించి ఒక్క వాక్యం కూడా మార్కుల మీద ఖర్చు పెట్టకండి, మిగతా పేజీ అంతా చదవబోయే సబ్జెక్టుకు ఇవ్వండి.

అలాంటి కారణం ఏమీ లేదు, ఊరికే తిరిగారు. అయితే అదే రాయండి: "మొదటి రెండేళ్లు చదువు మీద శ్రద్ధ పెట్టలేదు." ఆ వెంటనే ఏం మారిందో రాయండి. లేని జబ్బును అమ్మానాన్నల మీద పెట్టకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

సిఫారసు లేఖల విషయంలో ఒక మాట. ప్రిన్సిపాల్ గారి లెటర్‌హెడ్ కోసం తిరగడం మానండి. మీ పేరు గుర్తున్న లెక్చరర్ రాసిన పది వాక్యాలు అంతకంటే విలువైనవి. నెల ముందే వెళ్లి, "మాస్టారూ, మీ పేపర్లో నాకు తక్కువే వచ్చాయి, కానీ ప్రాజెక్టు మీ దగ్గరే చేశాను, ఆ పని గురించి రాస్తారా?" అని నేరుగా అడగండి. మెమో, ప్రాజెక్టు కాపీ, చివరి తేదీ రాసిన చీటీ చేతికివ్వండి. ఆయన సందేహిస్తే బలవంతం చేయకండి. మొక్కుబడిగా రాసిన లేఖ మెమో కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఏడో అడుగు: మన జిల్లాలోనే ఒక చిన్న పని

తక్కెడ రెండో పళ్లెంలో ఏం వేయాలని అడిగితే నా జవాబు ఇది. సొంతంగా చేసిన ఎనిమిది పది పేజీల పరిశీలన ఒకటి. పెద్ద నగరాల పిల్లలకు ఇంటర్న్‌షిప్పులు దొరుకుతాయి. మనకు దొరికేది మన చుట్టూ ఉన్న విషయం, అది వాళ్లకు దొరకదు.

ఎంఏ తెలుగు అయితే శ్రీకాకుళంలో కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. ఒక దశాబ్దంలో మన జిల్లా రచయితలు వలస మీద రాసిన కథలు తీసుకుని చదివి రాయండి. ఎకనామిక్స్ అయితే పొందూరు వెళ్లండి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో సన్న నూలు వడికే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. పదిహేను ఇళ్లలో కూర్చుని, రోజుకు ఎన్ని గంటలు, నెలకు ఎన్ని చిలపలు (నూలు చుట్టలు), చేతికి ఎంత అని అడిగి పట్టిక వేస్తే అదే మీ ప్రాజెక్టు. చరిత్రకు శాలిహుండం, ముఖలింగం, రామతీర్థం ఉన్నాయి. భాషాశాస్త్రం వైపు వెళ్లేవాళ్లకు సీతంపేట కొండల్లో సవర భాష ఉంది. జువాలజీకి తేలినీలాపురం వలస పక్షులున్నాయి. సోషల్ వర్క్ వాళ్లకు కిడ్నీ జబ్బుల ఉద్దానం ఉంది, కాకపోతే అక్కడి జనం సర్వేలతో విసిగిపోయి ఉంటారు. ప్రశ్నల కాగితం పట్టుకుని వెళ్లే ముందు ఊళ్లో తెలిసినవాళ్ల ద్వారా అడిగి వెళ్లండి, ఎవరి జబ్బు వివరాలూ పేరుతో రాయకండి.

ఇదంతా మూడు నెలల పని. ఇంటర్వ్యూ బోర్డు మీ మెమో మీద నుంచి తల ఎత్తి "పొందూరులో ఏం చూశావు?" అని అడిగితే, తర్వాతి పది నిమిషాలు మీకు బాగా తెలిసిన దాని మీదే గడుస్తాయి.

విదేశాలు అనుకునేవాళ్లకు

క్లుప్తంగా చెప్తాను. జర్మనీ మన శాతాన్ని వాళ్ల స్కేలులోకి మార్చుకుంటుంది. అక్కడ 1 ఉత్తమం, 4 పాసు. గరిష్ఠ మార్కు లోంచి మీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాసు మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పాసు 40 అయితే 58 శాతం 3.1 అవుతుంది. చాలా మాస్టర్స్ కోర్సులు 2.5 లోపు అడుగుతాయి, అంటే మన లెక్కలో 70 శాతం. అంత లేనివాళ్లు గ్రేడు గీత పెట్టని కోర్సుల్ని ఏరుకోవాలి. 2022 నవంబరు నుంచి మనవాళ్లకు ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు కాగితాలు అసలైనవని తేల్చేది) కూడా తప్పనిసరి.

అమెరికాలో చాలా యూనివర్సిటీలు 4కి 3.0 అడుగుతాయి. 6.5ని నాలుగు పాయింట్లలోకి మీరే మార్చి 2.6 అని బెంగపడకండి. క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ సంస్థలు ఒక్కో సబ్జెక్టు గ్రేడునీ విడిగా చూసి మారుస్తాయి, ఫలితం వేరుగా రావచ్చు.

"మార్కులు మేం చూసుకుంటాం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేమే ఇస్తాం" అనే కన్సల్టెన్సీ గుమ్మం ఎక్కకండి. దొంగ కాగితం బయటపడితే సీటుతో పాటు వీసా కూడా పోతుంది. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు ఎవరూ తిరిగివ్వరు.

ఏడాది లెక్క

గేట్, జామ్, క్యాట్ దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరు నుంచి మొదలవుతాయి. క్యాట్ నవంబరు చివర్లో, గేట్, జామ్ ఫిబ్రవరిలో, సీయూఈటీ పీజీ మార్చి ప్రాంతంలో. ఐసెట్, పీజీసెట్ వేసవిలో. కాబట్టి డిగ్రీ చివరి ఏడాది దసరా నాటికి కన్వర్షన్ లెక్కా, కుల ధ్రువపత్రాలూ చేతిలో ఉండాలి. సంక్రాంతికి పాత ప్రశ్నపత్రాలు ఒక చుట్టు అయిపోవాలి. ఒక జాతీయ పరీక్ష, దానికి తోడు రాష్ట్ర పరీక్ష ఒకటి, ఈ రెంటి మీదే దృష్టి పెట్టండి. అయిదారు ఎంట్రన్సులకు ఫీజులు కట్టినవాళ్లు ఏ ఒక్కదానికీ సరిగ్గా చదవరు.

సీటు వచ్చాక కూడా ఒక గీత ఉంది. లెక్చరర్ కావాలన్నా, జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) కావాలన్నా ఎక్కువమంది వెళ్లే దారి నెట్: సైన్సు వాళ్లకు సీఎస్‌ఐఆర్ నెట్, మిగతావాళ్లకు యూజీసీ నెట్. దానికి పీజీలో 55 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకు 50. అక్కడ 54.9ని 55 చేయరు. అందుకే పీజీలో చేరిన మొదటి నెలలోనే ఇంటర్నల్స్‌కి ఎన్ని మార్కులు, బెటర్‌మెంట్ ఉందా, మీ రెగ్యులేషన్‌లో సీజీపీఏ ఎంతైతే 55 శాతం అవుతుంది అన్నవి ఆఫీసులో అడిగి రాసి పెట్టుకోండి.